మిద్దె మీంచి చూసిన ఇల్లు

వైకుంఠం సావుకారి మిద్దె ఎక్కుతున్నాడంటే లాల్‌దర్వాజాలో మా గల్లీ మొత్తానికి ముందే తెలిసిపోయేది. నిచ్చెన మీద కాలు పెట్టి, గొంతు సవరించుకొని, "పర్దా! పర్దా!" అని కేకేసేవాడు. ఆ కేక వినగానే వాకిళ్ళలో అంట్లు తోముకునేవాళ్ళు, తల దువ్వుకునేవాళ్ళు ఎక్కడి పని అక్కడ వదిలేసి ఇళ్ళలోకి పోయేవారు. మగవాడు మిద్దె ఎక్కితే చుట్టూ ఉన్న వాకిళ్ళన్నీ కనబడతాయి కదా. తాపీ మేస్త్రీ అయినా సరే, తెగిన పతంగి కోసం ఎక్కినవాడైనా సరే, కేకేయకుండా ఎక్కితే వీపు చిట్లిపోయే రోజులవి.

సావుకారికి గల్లీ మొగదల పప్పులు, బెల్లం అమ్మే దుకాణం ఉండేది. దుకాణం వెనక ఆయన తాత కట్టించిన వరుస ఇళ్ళు, అన్నీ మట్టి మిద్దెలే, అన్నీ కిరాయికే. మొదటి ఇంట్లో మేముండేవాళ్ళం. చివరి ఇంట్లో యాకూబ్ మియా, ఆయన భార్య హలీమా, ముసలి తల్లి ఉండేవారు. ఆ తల్లిని గల్లీలో హిందువులూ ముస్లిములూ అందరూ బడీమా అనే పిలిచేవాళ్ళు. యాకూబ్ మియా చార్మినార్ పక్కన లాడ్‌బజారులో లక్క గాజులు చేసేవాడు. పొద్దున పోతే దీపాలు పెట్టే వేళకు వచ్చేవాడు.

మృగశిర కార్తె ఇంకా రాకముందే, ఎండలు ముదిరి ఉన్నప్పుడే, సావుకారి తన ఇళ్ళు చూసుకోవడానికి బయలుదేరేవాడు. వెనకాల ఉప్పరి బీరయ్య చౌడు మట్టి గంపలు మోసుకొని వచ్చేవాడు. మట్టి మిద్దె మీద చౌడు పరిస్తే వానకు కురవదు. సావుకారి మిద్దె మీద ఈ చివర నుంచి ఆ చివర దాకా నడిచి, మడమతో గట్టిగా తొక్కి చూసి, "ఇక్కడో గంప పొయ్యి, అక్కడో గంప పొయ్యి" అనేవాడు. పాత చౌడు గీకి తీసి కొత్తది వేయాలని పెద్దలు అంటారు. ఈయన మాత్రం పాతదాని మీదే కొత్తది పోయించేవాడు. ఎంత మందంగా ఉంటే అంత గట్టి అని ఆయన నమ్మకం. తర్వాత కిందికి దిగి, గోడలు చుట్టి వచ్చి, మురుగు పోయే మోరీ చూసి, గల్లీలో నిలబడి, "లోపల ఏమన్న కొదువ ఉన్నదా?" అని గాలిలోకి అడిగేవాడు. మగవాళ్ళు పనికి పోయి ఉంటారు. పరాయి మగవాడికి గొంతు వినిపించడం కూడా తప్పే కాబట్టి ఆడవాళ్ళు పలకరు. ఎవరూ పలకలేదు కాబట్టి అంతా బాగున్నట్టే లెక్క.

"నేను కిరాయి ఇండ్లల్ల ఏనాడు గడప దాటలే. ఆడోళ్ళున్న ఇల్లు," అని ఆయన గుడి ముందర నలుగురిలో గొప్పగా చెప్పుకునేవాడు. అది నిజమే. మంచివాడే, కాదనను. కానీ ఇలాంటి మర్యాదలో ఒక సుఖం కూడా ఉంది. గడప దాటకపోతే లోపల ఏముందో చూడక్కరలేదు.

యాకూబ్ మియా ఇంట్లో ముందు ఒక గది, నడుమ చిన్న వాకిలి, వెనక ఒక లోగది. "పర్దా" అని వినబడగానే హలీమా ముసలామెను చెయ్యి పట్టుకొని లోగదిలోకి తీసుకుపోయి తలుపేసేది. అంటే సావుకారి ఏ గదిని చూడాలో సరిగ్గా ఆ గదిలోకే, ఆయన కేక వినే, వాళ్ళు పోయేవారు. పైన ఆయన మడమతో తొక్కుతుంటే కింద వాళ్ళ నెత్తిన మట్టి రాలేది. అరవడానికి లేదు. హలీమా తన ఓణీ తీసి అత్త తల మీద కప్పి, కళ్ళు మూసుకొని కూర్చునేది. ఆయన దిగిపోయాక చీపురు తెచ్చుకొని ఊడ్చుకునేది.

ఆ గది లోపలికి వెళ్ళి చూసిన మనిషి ఆ సావుకారి ఇంట్లో ఒక్కరే ఉన్నారు. ఆయన భార్య రుక్మిణమ్మ.

రుక్మిణమ్మ పొట్టి మనిషి, గలగలా మాట్లాడేది, ఎవరికి ఏ పేరు పెడితే అది అతుక్కుపోవాల్సిందే. మా నాన్న నెమ్మదిగా నడుస్తాడని ఆయనకు "ఊరేగింపు" అని పేరు పెట్టింది. మధ్యాహ్నం పని తెమిలాక కిరాయి ఇళ్ళన్నీ తిరిగేది. హలీమా ఇంట్లో నీళ్ళు తాగేది కాదు, ఆ రోజుల కట్టుబాటు అది. ముచ్చటకు మాత్రం ఏ కట్టుబాటూ లేదు. వాళ్ళిద్దరూ సగం తెలుగు, సగం ఉర్దూ కలిపి మాట్లాడుకునేవారు. నేను తెలుగులోనే రాస్తున్నాను.

ఒక ఎండాకాలం హలీమా ఆమెను లోగదిలోకి తీసుకుపోయి దూలం చూపించింది. దూలం గోడలోకి పోయే చోట నల్లగా చెమ్మగిల్లి ఉంది. చెదలు గోడ వెంబడి మట్టి గీతలు గీసుకుంటూ పైకి పోయాయి.

"సావుకారికి ఒక్క మాట చెప్పుండ్రి అమ్మా. ఆయన మీద తిరుగుతుంటే మాకు పానం పోతది," అంది హలీమా.

రుక్మిణమ్మ ఆ పూటే చెప్పింది. సావుకారి అప్పుడే అన్నం ముందు కూర్చున్నాడు.

"నేను తొక్కి చూసొచ్చిన. రాయోలె ఉన్నది. లోపల కూసున్నోళ్ళకు ఏమెరుక? కిరాయిదార్లు గిట్లనే అంటరు. ఇయ్యాల దూలం అంటరు, రేపు ఇంకోటి అంటరు," అన్నాడు. అని, కంచంలో చెయ్యి కడుక్కొని లేచిపోయాడు. ఆయన కోపం కేకల కోపం కాదు. మాట్లాడడం మానేసే కోపం. ఒకసారి మానేస్తే పండుగ వచ్చినా నోరు విప్పేవాడు కాదు. ఆ నోరు మళ్ళీ తెరిపించేసరికి రుక్మిణమ్మకు తల ప్రాణం తోకకొచ్చింది.

మరుసటి ఏడు మళ్ళీ ఎండలు వచ్చాయి. హలీమా మళ్ళీ అడిగింది. "ఈపారి గట్టిగ చెప్పుండ్రి అమ్మా."

రుక్మిణమ్మ సరేనంది. ఇంటికి పోయింది. ఆ వారం సావుకారికి తన అన్నతో దుకాణం దగ్గర లొల్లి అయ్యి మొహం మాడ్చుకొని ఉన్నాడు. ఇప్పుడు ఈ దూలం సంగతి ఎత్తితే ఇంట్లో మళ్ళీ మూగనోము మొదలవుతుంది. రేపు చెబుదాంలే అనుకుంది. ఆ రేపు రాలేదు. ఈలోగా హలీమా ఎదురుపడి, "చెప్పిండ్రా?" అని అడిగింది.

"చెప్పిన. మంచిగ చూసిండట. ఇంకో పదేండ్ల దాకా ఫికర్ లేదన్నడు," అంది రుక్మిణమ్మ.

ఆయన అననే లేదు. ఆ పదేండ్లు కూడా ఆమె అప్పటికప్పుడు కల్పించిందే. అబద్ధానికి కాస్త బరువుంటే ఎదుటి మనిషి నిశ్చింతగా ఉంటుందని అలా అన్నదట. హలీమా నిజంగానే నిశ్చింతగా ఊపిరి పీల్చుకుంది.

ఆ తర్వాత కొద్ది రోజులకే సావుకారి నిచ్చెన వేశాడు. "పర్దా" అని కేకేశాడు. హలీమా లోగదిలోకి పోయి తలుపేసింది. బడీమాకు జ్వరం, ఆమె అప్పటికే లోపల మంచం మీద ఉంది. బీరయ్య లోగది మిద్దె మీద రెండో గంప గుమ్మరిస్తున్నాడు. దూలం గోడ దగ్గర విరిగింది. తాత కాలం నుంచి ఏటేటా పోసిన చౌడంతా, వాసాలతో సహా, ఒక మూలగా లోపలికి దిగిపోయింది.

అప్పుడు ఏ పర్దా లేదు. బీరయ్య దుమ్ములోకే దూకాడు. సావుకారి పిట్టగోడ పట్టుకొని దిగి, జీవితంలో మొదటిసారి ఆ గడప దాటి, చేతులతోనే మట్టి తవ్వాడు. హలీమా తలుపు వైపు ఉండబట్టి దెబ్బలతో బయటపడింది. బడీమా మంచం సరిగ్గా విరిగిన దూలం కిందే ఉంది. ఆమెను బయటికి తీసేసరికి ఊపిరి ఉంది. దీపాలు పెట్టే వేళకు యాకూబ్ మియా పని నుంచి ఇంటికి వచ్చేసరికి లేదు.

సావుకారి మనిషి మనిషిగా లేడు. దుకాణం అరుగు మీద కూర్చొని, వచ్చినవాళ్ళందరితో ఒకటే మాట. "ఎవరన్న ఒక్క మాట చెప్తే అయిపోవు గదా! ఒక్కలు చెప్పలే! చెప్తే నేను కొత్త దూలం ఎక్కియ్యకపోదునా?" నిరుడు భార్య చెప్పిన సంగతి ఆయన నిజంగానే మరిచిపోయాడు. అన్నం ముందు వినీ విననట్టు విన్న మాట ఎవరికి గుర్తుంటుంది? గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకున్నారని ఊరంతా అంటుంటే, వంటింట్లో రుక్మిణమ్మ తేలు కుట్టిన దొంగలా ఉంది. నిరుడు చెప్పాను కదా అందామంటే, మరి ఈ ఏడు ఎందుకు చెప్పలేదు అని అడుగుతాడు. అందుకని అదీ చెప్పలేదు.

యాకూబ్ మియా ఎవరి మీదా ఫిర్యాదు చేయలేదు. అల్లా మర్జీ అన్నాడు. సావుకారి లోగది కొత్తగా కట్టించాడు, టేకు దూలం ఎక్కించాడు. వాళ్ళు అక్కడే ఉండిపోయారు. ఆయన మాత్రం మళ్ళీ ఏ మిద్దే ఎక్కలేదు.

మృగశిర ముందు ఇళ్ళు చూడటం రుక్మిణమ్మ మీద పడింది. పడింది అనడం కంటే తనే నెత్తికెత్తుకుంది అనాలి. సావుకారి ఇంటి కోడలు ఇంటింటికీ తిరిగి దూలాలు పొడుస్తుందట అని వాళ్ళ వాళ్ళలో చెవులు కొరుక్కున్నారు. ఆమె పట్టించుకోలేదు. దుకాణంలో గోనెసంచులు కుట్టే దబ్బనం ఒకటి కొంగున ముడేసుకొని వచ్చేది. గోడలోకి పోయే దూలం చివర్లను దానితో పొడిచి చూసేది. దబ్బనం ఆగిపోతే మంచిదే. మెత్తగా దిగిపోయిందా, బీరయ్యకు కబురు పోయేది. వెలుగున్న చోటు కాదు, ముందు చీకటి మూల చూసేది. మా ఇంట్లో అయితే ధాన్యం కాగులన్నీ జరిపించి వాటి వెనక గోడకు చెంప ఆనించేది, చెమ్మ ఉందేమోనని. మా అమ్మ ముందు రోజు ఇల్లంతా అలికి ముగ్గులు పెడితే, "శారదమ్మా, ఇల్లు సింగారించి చూపియ్యకు. పెండ్లిచూపులు కాదు," అని కసిరేది. అప్పటి నుంచి చెప్పకుండా వచ్చేది.

ఇంకో పద్ధతి పెట్టింది. కిరాయి వసూలుకు వచ్చిన రోజు ఇల్లు ఎట్లుందని అడిగేది కాదు. కిరాయి అడిగే మనిషికి ఎవరూ ఉన్నది ఉన్నట్టు చెప్పరని, ఖాళీ చేయమంటారేమోనని భయపడతారని ఆమెకు తెలుసు. ఇల్లు చూడటానికి వచ్చినప్పుడు కిరాయి మాట ఎత్తేది కాదు. వంట చేసే మనిషిని అడిగేది, ముసలివాళ్ళను అడిగేది. ఎవరైనా "అంతా మంచిగనే ఉన్నది" అంటే నమ్మేది కాదు. "మంచిగ లేనిది ఒక్కటి చెప్పుండ్రి, అప్పుడు పోత," అని పీట వేసుకొని కూర్చునేది.

గల్లీ ఆమెను మెచ్చుకుంది. ఇల్లుగలవాళ్ళంటే ఇట్లా ఉండాలి అని పక్క గల్లీ వాళ్ళు కూడా అన్నారు. ఆ మెప్పుదల ఆమెకు ముల్లులా గుచ్చుకునేదని మాకెవరికి తెలుసు? మా అమ్మ ఒకసారి ఏదో మంచి మాట అంటే, "నన్ను మెచ్చుకోకు," అని మొహం తిప్పుకొని వెళ్ళిపోయింది. అమ్మ బిత్తరపోయింది.

హలీమా ఇంటికి కూడా వెళ్ళేది, కానీ కూర్చునేది కాదు. దబ్బనం పొడిచామా, వచ్చామా అన్నట్టు ఉండేది. హలీమా కూడా మునుపటి హలీమా కాదు. ముచ్చట్లు మానేసింది. అడిగినదానికి ఔను, కాదు, అంతే. బడీమా పోయిన దుఃఖం అనుకున్నారు అందరూ. సావుకారి మీద కోపమని రుక్మిణమ్మ అనుకుంది. చెప్పించినా పట్టించుకోలేదని హలీమా సావుకారిని శపిస్తూ ఉంటుందని, తన పాపం ఆయన మోస్తున్నాడని ఆమె లోలోపల కుమిలిపోయింది. నిజం చెప్పేయాలని ఎన్నోసార్లు అనుకునేదట. హలీమా తిట్టినా సరే, ఒక దెబ్బ కొట్టినా సరే, ఆమె నోటి నుంచి ఏదో ఒక మాట పడితే చాలు. తలుపు దాకా పోయి తిరిగి వచ్చేది.

కొన్నేళ్ళు అలాగే గడిచాయి. యుద్ధం వచ్చింది, గ్యాసునూనె దొరకడం కష్టమైంది, దుకాణంలో సరుకు పలచబడింది. ఒక ఏడు ఆమె మా ఇంటికి వచ్చి, మా పడకగది దూలం పొడిచి చూస్తుంటే మా అమ్మ అడిగింది.

"ఎట్లున్నది రుక్మిణమ్మా? మేం పండేది దీని కిందనే."

"ఏం ఫికర్..." అంది రుక్మిణమ్మ. అక్కడే గోడకు ఆనుకొని కూలబడి, కొంగు నోట్లో కుక్కుకొని ఏడ్చింది. అదే మాట, అదే విధంగా, అప్పుడు హలీమాతో అన్న సంగతి మొత్తం మా అమ్మకు చెప్పింది.

మా అమ్మ మెత్తని మనిషి కాదు. అంతా విని, "నాకెందుకు చెప్తున్నవ్? నేనేమన్న బడీమా కోడల్నా? పొయ్యి ఆమెకు చెప్పు," అంది. ఓదార్చలేదు. ఓదారిస్తే రుక్మిణమ్మ ఆ రోజు కూడా అక్కడితోనే ఆగిపోయేదేమో.

ఆ మధ్యాహ్నమే రుక్మిణమ్మ వెళ్ళింది. అది శుక్రవారం, జుమ్మా అనీ, లాడ్‌బజారు బందు అనీ, యాకూబ్ మియా ఇంట్లోనే ఉంటాడనీ ఆమెకు గుర్తు లేదు. పక్క సందు తలుపు తోసుకొని వాకిట్లోకి పోయింది. హలీమా బియ్యం ఏరుతోంది. రుక్మిణమ్మ కూర్చోలేదు. నిలబడే చెప్పింది.

"హలీమా బీ, ఆ దూలం సంగతి ఆయనకు నేను చెప్పలే. ఆయన ఫికర్ లేదనలే. నేను అబద్ధమాడిన. ఆయనతోటి లొల్లి ఎందుకని నా అంతట నేనే అన్న. నీ అత్త నా మాటకే పోయింది."

హలీమా చేతిలో చాట అలాగే ఉండిపోయింది.

"మీరు చెప్పలేదా?"

"మొదటి ఏడు చెప్పిన. మల్ల చెప్పలే."

"ఆ దినం బడీమా మంచం నేనే ఆడికి జరిపిన అమ్మా," అంది హలీమా మెల్లగా. "జ్వరంల గాలి కావాలన్నది. కిటికీ ఆ దూలం కిందనే ఉన్నది. పొద్దుగాల పనికి పొయ్యేటప్పుడు ఈయన వద్దన్నడు. సావుకారి చూసిండట, పదేండ్లు ఫికర్ లేదన్నడట అని నేనే చెప్పిన. మల్ల సావుకారి దుకాణం కాడ అందరి ముందట, ఎవ్వరు ఒక్క మాట చెప్పలేదని అన్నడు. ఈయన ఇన్నడు. ఇంటికొచ్చి అడిగిండు. నేను చెప్పించిన అంటే నమ్మలే. మంచం జరిపి, అబద్ధం అల్లినవ్, మా అమ్మను సంపినవ్ అన్నడు. ఒక్కపారే అన్నడు. అప్పటి సంది నాతోటి సరిగ మాట్లాడలే. నాక్కూడ ఒక్కోపారి అనుమానమొచ్చేది, మీరు నిజంగ అన్నరా, నేనే కల్పించుకున్ననా అని."

రుక్మిణమ్మ ఇన్నాళ్ళూ తన భర్త నింద మోస్తున్నాడని ఏడ్చింది. ఆ నింద అసలు ఎక్కడ పడి ఉందో ఒక్కసారి కూడా ఆలోచించలేదు. దబ్బనం పట్టుకొని ఊరి దూలాలన్నీ పొడిచిన మనిషి, ఆ ఇంటికి ఏటేటా వచ్చి, ఈ మనిషి మొహం చూడలేదు.

హలీమా చాట కింద పెట్టి లేచింది. ముందు గదికీ వాకిలికీ నడుమ వేలాడుతున్న గుడ్డ వైపు చూసింది.

"ఆయన అవుతల ఉన్నడు. ఇంకోపారి చెప్పుండ్రి అమ్మా. ఆయనకు ఇనవడేటట్టు చెప్పుండ్రి."

పరాయి మగవాడు వినేలా రుక్మిణమ్మ ఏనాడూ మాట్లాడలేదు. సొంత దుకాణంలో గుమాస్తాతో కూడా ఎవరో ఒకరి చేత చెప్పించేది. కొంగు తల మీదికి లాక్కొని, ఆ గుడ్డకు ఎదురుగా నిలబడి, గొంతెత్తి చెప్పింది. హలీమా తనకు చెప్పిన సంగతి, తను భర్తకు చెప్పని సంగతి, పదేండ్ల అబద్ధం, అన్నీ చెప్పింది. నడుమ గొంతు పోతే ఆగి, మళ్ళీ మొదటి నుంచి చెప్పింది. పక్కింటివాళ్ళకు కూడా వినపడే ఉంటుంది.

గుడ్డ అవతలి నుంచి యాకూబ్ మియా, "హలీమా," అన్నాడు. "హలీమా, నన్ను మాఫ్ చెయ్."

హలీమా గుడ్డ తొలగించుకొని లోపలికి పోయింది. లోపల ఇద్దరూ ఏడుస్తున్నారు.

రుక్మిణమ్మ వాకిట్లో నిలబడి ఉంది. ఎవరైనా వచ్చి తిడతారని చూసింది. ఎవరూ రాలేదు. ఆమె అక్కడ ఉన్నట్టు ఎవరికీ గుర్తు లేదు. కాసేపటికి ఎండ మీదికి వచ్చింది. తలుపు దగ్గరికి లాగి ఇంటికి వెళ్ళిపోయింది.